షట్టర్ దించిన రోజుల లెక్క

తెలీబంధా చెరువు గట్టును రాయ్‌పూర్ జనం మెరైన్ డ్రైవ్ అంటారు. 2016లో నిలబెట్టిన 82 మీటర్ల జెండా స్తంభం చుట్టుపక్కల, పొద్దు వాలేసరికి చాట్ బండ్లు, మొక్కజొన్న పొత్తుల తోపుడు బళ్లు, దోసె పెనాలు వరస కడతాయి. వెనక వీధుల్లోకి వెళ్తే టైలర్లు, బ్యూటీ పార్లర్లు, మందుల షాపులు, మొబైల్ రిపేర్లు, మెస్సులు. ఇలాంటి వ్యాపారాల గురించి ప్రభుత్వాలు నోరు విప్పినప్పుడల్లా అప్పుల సంగతి చెబుతాయి, లైసెన్సుల సంగతి చెబుతాయి, ఈమధ్య డిజిటల్ చెల్లింపుల సంగతి చెబుతున్నాయి. ఆ దుకాణాల్ని నిజంగా మూయించే రెండు సంగతులు మాత్రం వేరే శాఖల ఫైళ్లలో ఉంటాయి. ఒకటి జబ్బు, రెండోది పసిబిడ్డ. మొదటిదాన్ని ఆరోగ్య శాఖ చూస్తుంది, రెండోదాన్ని మహిళా శిశు అభివృద్ధి శాఖ చూస్తుంది. దుకాణానికి మాత్రం రెండూ ఒకటే ఖర్చు: పనిచేసే చేయి పనిలోంచి తప్పుకోవడం.

చేతులు ఎన్నున్నాయో చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. వ్యవసాయం కాని అసంఘటిత రంగ సంస్థల మీద కేంద్ర గణాంక శాఖ ఏటా చేసే సర్వే ప్రకారం 2023-24లో దేశంలో అలాంటివి 7.34 కోట్లు. వాటిలో పనిచేసేవాళ్లు 12.06 కోట్ల మంది. అంటే ఒక్కో దుకాణానికి సగటున ఇద్దరు కూడా లేరు. మన కార్మిక చట్టాలు చాలావరకు పది దగ్గర కళ్లు తెరుస్తాయి, కొన్ని యాభై దగ్గర. యజమానే వంటమనిషి, యజమానే గుమస్తా, యజమాని భార్యే రెండో కూలీ అయిన చోట ఆ చట్టాలకు కనిపించేదేమీ ఉండదు. ఈ వ్యాసమంతా ఆ ఖాళీ గురించే.

ఒక లెక్క వేసి చూద్దాం. గట్టు మీద భార్యాభర్తలు నడిపే దోసె బండి ఒకటి ఉందనుకోండి. రోజు అమ్మకం మూడు వేలు. బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాస్, కొబ్బరి, కూరగాయల ఖర్చు పోగా వెయ్యి మిగిలిందనుకుందాం. ఇద్దరి కూలీ ఆ వెయ్యిలోనే ఉంది. వానాకాలంలో భర్తకు డెంగీ వచ్చింది. ఆయుష్మాన్ కార్డు ఉంది కాబట్టి ఆస్పత్రి బిల్లు ఒక్క రూపాయి కూడా పడలేదనే అనుకుందాం. పది రోజులు బండి లేవలేదు, పది వేలు పోయాయి. రుబ్బిన పిండి పులిసిపోయింది. కార్డు కిందికి రాని మందులు, ఆటోలు, ఆస్పత్రి దగ్గర కొనుక్కున్న తిండి కలిపి ఇంకో నాలుగైదు వేలు. మొత్తం పద్నాలుగు పదిహేను వేల దెబ్బ. డైలీ ఫైనాన్స్ వాడు మాత్రం రోజూ సాయంత్రం వస్తూనే ఉంటాడు. అతనికి కట్టడానికి మరో చోట చేబదులు. పదకొండో రోజు బండి లేచేసరికి రోజూ వచ్చేవాళ్లలో కొందరు పక్క బండికి అలవాటు పడిపోయి ఉంటారు.

వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత అప్పు పది వేలు. 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. మన లెక్కలోని జ్వరం ఖర్చు కూడా అంతే. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చిన పెట్టుబడి ఒక్క జ్వరానికి తుడిచిపెట్టుకుపోతుంటే, ఆ అప్పు వ్యాపారాన్ని పెంచుతుందని ఎలా అనుకోవడం? స్వనిధి మంచి పథకమే. వడ్డీ వ్యాపారి తప్ప దిక్కు లేనివాళ్లకు బ్యాంకు గడప చూపించింది. అయినా జబ్బుకు అడ్డు లేకుండా ఇచ్చే వ్యాపార రుణం చాలా ఇళ్లలో వైద్య రుణంగా మారి తీరుతుంది.

జబ్బు కుటుంబాల్ని పేదరికంలోకి తోసేస్తుందన్నది కొత్త సంగతి కాదు. రాజకీయ శాస్త్రవేత్త అనిరుధ్ కృష్ణ రాజస్థాన్, గుజరాత్, ఆంధ్రప్రదేశ్‌లతో పాటు కెన్యా, ఉగాండా, పెరూ గ్రామాల్లో వేల ఇళ్లను పరిశీలించి 2010లో ‘వన్ ఇల్‌నెస్ అవే’ అనే పుస్తకం రాశారు. పేదరికంలోకి జారిన కుటుంబాల కథల్లో మళ్లీ మళ్లీ ఎదురైన కారణం అనారోగ్యమే. ఆయన చూసినవి ఎక్కువగా పల్లెలు. పట్నంలోని చిన్న వ్యాపారికి పొలం లాంటి వెనకదన్ను ఉండదు. బండి, పెనం, సిలిండర్, కొంచెం బంగారం ఉంటాయి. బంగారం కుదువకు వెళ్తుంది. అదీ చాలకపోతే బండే అమ్ముడుపోతుంది.

బిల్లు సంగతీ తక్కువేం కాదు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం పట్టణాల్లో ప్రైవేటు ఆస్పత్రిలో ఒకసారి చేరితే అయ్యే ఖర్చు సగటున 38,822 రూపాయలు, ప్రభుత్వ ఆస్పత్రిలో 4,837. అంటే ఎనిమిది రెట్లు. రాయ్‌పూర్‌లో అంబేడ్కర్ ఆస్పత్రి ఉంది, ఊళ్లోవాళ్లు మేకాహారా అంటారు. 2012 నుంచి టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఉంది. నవ రాయ్‌పూర్‌లో సత్యసాయి సంజీవని ఆస్పత్రి పిల్లల గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేస్తోంది.  ఇన్ని ఉన్నా చిన్న వ్యాపారి తరచూ ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కే వెళ్లడానికి కారణం డాంబికం కాదు, టైము. పెద్దాస్పత్రిలో ఓపీ చీటీకి ఒక లైను, పరీక్షకు ఒక లైను, రిపోర్టు కోసం మర్నాడు మళ్లీ లైను. జీతగాడికి అది సెలవు. దుకాణదారుడికి రెండు రోజుల బేరం. ఉచిత వైద్యానికి అతను కట్టే ధర అది.

ఛత్తీస్‌గఢ్ ఈ విషయంలో చాలా రాష్ట్రాలకంటే ముందు కదిలిన మాట నిజం. 2008లో వచ్చిన కేంద్ర ఆరోగ్య బీమా, ఆర్‌ఎస్‌బీవై, పేద కుటుంబానికి ఏడాదికి ముప్ఫై వేలు ఇచ్చేది. దాన్ని 2012లో ఈ రాష్ట్రం ముఖ్యమంత్రి స్వాస్థ్య బీమా యోజన పేరుతో మిగతా కుటుంబాలకూ అందించింది. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ ఐదు లక్షల కవరేజితో వచ్చింది. 2020 జనవరి 1 నుంచి డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ స్వాస్థ్య సహాయతా యోజన, ఇప్పుడది షహీద్ వీర్ నారాయణ్ సింగ్ పేరు మీద నడుస్తోంది. ఇందులో రెండు మెట్లున్నాయి. అంత్యోదయ, ప్రాధాన్య రేషన్ కార్డుల వాళ్లకు ఐదు లక్షలు, మిగతా కార్డుల వాళ్లకు యాభై వేలు. షాపు అద్దెకు తీసుకుని ఇద్దరికి జీతం ఇచ్చే స్థాయికి ఎదిగిన వ్యాపారి చాలాసార్లు రెండో మెట్టు మీదే ఉంటాడు. పేదవాడు కాడు కాబట్టి ఐదు లక్షలు రావు, ఉద్యోగి కాడు కాబట్టి కంపెనీ బీమా లేదు. ఒక గుండె ఆపరేషన్‌కు యాభై వేలు ఎంతదూరం వస్తాయి? చిన్న వ్యాపారంలో అసలైన ప్రమాదం ఎక్కడుందని అడిగితే నేను ఈ మెట్టునే చూపిస్తాను.

తెలుగు రాష్ట్రాల్లో 2007 ఏప్రిల్ 1న మూడు వెనకబడ్డ జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ కథ మనకు తెలిసిందే. తెలంగాణ 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలు చేసింది. పరిమితులు పెరగడం బాగుంది, పెరగాలి కూడా. అయితే ఈ పథకాలన్నిటిదీ ఒకే చూపు: అవి మంచానికి డబ్బిస్తాయి, మూసిన రోజుకు ఇవ్వవు. ఆయుష్మాన్ భారత్ ఆస్పత్రిలో చేరిన రోగికి చేరకముందు మూడు రోజులు, ఇంటికెళ్లాక పదిహేను రోజుల మందులు చూస్తుంది. షుగరు, బీపీ, థైరాయిడ్, కీళ్లనొప్పులకు నెలనెలా వాడే మందులు, ఓపీ ఫీజులు, రక్తపరీక్షలు దాని లెక్కలోకి రావు. పెనం ముందు ఆరేడు గంటలు నిలబడే మనిషి కాళ్లకు వచ్చేవి, మిషను కుట్టే మనిషి నడుముకు, కళ్లకు వచ్చేవి ఆ రకం జబ్బులే. 2021 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన ధన్వంతరి జనరిక్ మందుల దుకాణాలు ఈ చోట నిజంగా ఉపయోగపడ్డాయి. అంత ప్రచారం లేని పథకం, కానీ నెలవారీ మందులు కొనే ఇంటికి ఏ పెద్ద ప్రకటనకంటే అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

మూసిన రోజుకు డబ్బిచ్చిన పథకం మన దగ్గరే ఒకటి వచ్చింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య ఆసరా ప్రారంభించింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయిన రోగికి, డాక్టరు విశ్రాంతి చెప్పిన కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా ఐదు వేలు. 225తో దోసె బండి నష్టం పూడదు. అయినా రోగి మంచం మీద ఉన్నప్పుడు ఇంట్లో పొయ్యి వెలగాలన్న మాట ప్రభుత్వ ఉత్తర్వుగా రావడం చిన్న విషయం కాదు. ఆరోగ్య పథకాల చరిత్ర రాసేవాళ్లు ఆస్పత్రుల సంఖ్య, ప్రొసీజర్ల సంఖ్య రాసి దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. చిన్న వ్యాపారం వైపు నుంచి చూస్తే అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో స్థాపించిన ‘సేవా’ మహిళా సంఘం ఈ అవసరాన్ని చాలా ముందే పట్టుకుంది. కూరగాయలమ్మే, బీడీలు చుట్టే తన సభ్యుల కోసం 1992లోనే సొంత బీమా మొదలుపెట్టింది.

ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగు కుటుంబాల్లో ఈ ఖాళీ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర జనం ఇటు వచ్చారు. రైల్వేలో చేరారు, 1950ల చివర్లో లేచిన భిలాయి ఉక్కు కర్మాగారంలో చేరారు. ఆ తరానికి రైల్వే ఆస్పత్రి ఉంది, భిలాయి సెక్టార్ 9లో పెద్దాస్పత్రి ఉంది. పెన్షను ఉంది, క్వార్టరు ఉంది. క్వార్టర్లలో చుట్టూ తెలిసినవాళ్లు ఉండడం వల్ల పిల్లను ఒక ఇంట్లో వదిలి బజారుకు వెళ్లే వీలు కూడా ఉండేది. పర్మనెంట్ ఉద్యోగాలు తగ్గాక వాళ్ల పిల్లల్లో కొందరు మెస్సు పెట్టారు, టిఫిన్ సెంటర్ పెట్టారు, ట్రావెల్స్ పెట్టారు. తండ్రికి ఉద్యోగంతో పాటు వచ్చిన ఆస్పత్రి కొడుకు దుకాణంతో పాటు రాలేదు. ఈమధ్య శ్రీకాకుళం, విజయనగరాల నుంచి నేరుగా వచ్చి బండి పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. రేషన్ కార్డు అక్కడ, బతుకు ఇక్కడ. పెద్ద జబ్బు చేస్తే సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్లడమే చాలామందికి మొదట తోచే దారి. భాష తెలిసిన డాక్టరు, తోడుండే అక్కో వదినో అక్కడే ఉంటారు. రానూపోనూ, అక్కడ ఉండే రోజులు కలిపితే ఇక్కడ బండి నిలిచిపోయే రోజులు రెట్టింపవుతాయి.

నలుగురైదుగురికి జీతమిచ్చే షాపుల సంగతికి వద్దాం. 1948 నాటి చట్టంతో వచ్చిన ఉద్యోగుల బీమా, ఈఎస్‌ఐ, మన దేశంలో కార్మికుడికి దొరికిన మంచి రక్షణల్లో ఒకటి. నెలకు ఇరవై ఒక్క వేల లోపు జీతానికి వర్తిస్తుంది. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. పన్నెండు వేల జీతం మీద యజమాని కట్టేది 390 రూపాయలు, పనివాడు కట్టేది 90. ఆ 480కి కుటుంబమంతటికీ వైద్యం, జబ్బు చేస్తే 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, ప్రసవానికి 26 వారాల వేతనం. మూసిన రోజుకు డబ్బిచ్చే ఏర్పాటు దేశంలో డెబ్బై ఏళ్లకు పైగా ఉందన్నమాట. పదిమంది ఉన్న షాపుకు ఏడాదికి యజమాని వాటా 46,800. ప్రైవేటు ఆస్పత్రిలో ఒక మనిషి ఒకసారి చేరిన సగటు ఖర్చుకంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇంత చవకైన రక్షణ పదోమనిషి దగ్గర మొదలవుతుంది. ముగ్గురున్న మెస్సుకు తప్పనిసరి కాదు. ఒంటరి యజమాని తన దుకాణంలో తాను ఉద్యోగి కాడు కాబట్టి, తన పనివాళ్లందరికీ ఈఎస్‌ఐ కట్టినా తనకు మాత్రం ఆ కార్డు రాదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త సామాజిక భద్రతా స్మృతి ఈ గోడకు చిన్న తలుపు పెట్టింది. పదిమంది లేని సంస్థలు కూడా ఇష్టపడి చేరొచ్చు. ఓలా, స్విగ్గీ, జొమాటో లాంటి యాప్ కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి రెండు శాతం గిగ్ కార్మికుల నిధికి కట్టాలని కూడా చెప్పింది. మంచిదే. తెలీబంధాలో దోసె పొట్లం అందుకుని బైకు మీద వెళ్లే కుర్రాడికి ఒక వాటా కట్టేవాళ్లు దొరికారు. ఆ దోసె వేసిచ్చిన మనిషికి ఎవరు కడతారు? స్వయం ఉపాధి వాళ్లకు పథకాలు తేవాలని స్మృతిలో ఉంది, డబ్బు ఎవరి దగ్గర్నుంచి తేవాలన్నది అంత స్పష్టంగా లేదు.

సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక ఊరట దొరికింది. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. షాపు యజమాని తన నలుగురు పనివాళ్ల కోసం గ్రూప్ పాలసీ తీసుకుంటే మాత్రం పన్ను పడుతుంది. తన ఒంటికి కొనుక్కుంటే పన్ను లేదు, పనివాళ్లకు కొనిపెడితే ఉంది. ఇది సరిదిద్దవలసిన సంగతి. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన వాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. చిన్న వ్యాపారి ఇంట్లో పెద్ద ఖర్చు తరచూ అమ్మానాన్నల జబ్బే కాబట్టి, పైకి ముసలివాళ్ల పథకంలా కనిపించేది నిజానికి దుకాణాన్ని కూడా కాపాడుతోంది.

ఇక పసిపిల్లల సంగతి. జబ్బు గురించి కనీసం పథకాలు ఉన్నాయి, వాదనలు ఉన్నాయి. పిల్లల్ని చూసుకునే గంటల గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. ఏ బజారులోనైనా ఒక గంట నిలబడి చూడండి. నూనె డబ్బాలకు, కూరగాయల క్రేట్లకు మధ్య పరిచిన గోనె మీద రెండేళ్ల పిల్ల కూర్చుని ఉంటుంది. చేతిలో తల్లి ఫోను. మూడడుగుల దూరంలో కాలే పెనం. తల్లి ఒక చేత్తో చట్నీ వేస్తూ ఇంకో కంట పిల్లను చూస్తూ ఉంటుంది. పిల్ల లేచి రోడ్డు వైపు రెండడుగులు వేస్తే గరిటె పెనం మీదే వదిలి పరుగు. దోసె మాడుతుంది, కస్టమరు విసుక్కుంటాడు. ఆ తల్లి రెండు ఉద్యోగాలు ఒకేసారి చేస్తోంది, రెంటికీ పూర్తిగా న్యాయం చేయలేక నలిగిపోతోంది. 2019 కాల వినియోగ సర్వేలో మన దేశపు ఆడవాళ్లు ఇంటిపనికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే సమయం దీనికి అదనం. ఆడవాళ్లు నడిపే వ్యాపారాలు ఎందుకు చిన్నవిగానే మిగిలిపోతాయి అన్న ప్రశ్నకు శిక్షణ లేకపోవడం, ధైర్యం లేకపోవడం అని సెమినార్లలో జవాబులు వినిపిస్తాయి. రోజులో ఐదు గంటలు ముందే ఖర్చైపోయిన మనిషి దగ్గర వ్యాపారానికి మిగిలేదెంతో ముందు చూడాలి.

మన ఇళ్లలో ఈ పనికి జవాబు అమ్మమ్మ, నాన్నమ్మ. మొదటి పురుడు పుట్టింట్లో జరగడం, మూడో నెలో ఐదో నెలో వచ్చాక బిడ్డను అత్తింటికి తీసుకురావడం, అవసరమైతే అమ్మమ్మ కూడా వెంట రావడం అన్నది జీతం లేని, పేరు లేని పెద్ద శిశు సంరక్షణ వ్యవస్థ. బతుకుతెరువుకు ఊరు దాటినవాళ్లు పోగొట్టుకునే మొదటి ఆస్తి అదే. భార్య పురుటికి బొబ్బిలికో పార్వతీపురానికో వెళ్తే బండి దగ్గర ఒక మనిషి అయిదారు నెలలు తగ్గిపోతుంది. జీతానికి ఒకణ్ని పెట్టుకుంటే మిగిలే వెయ్యిలో సగం అతనికే పోతుంది.

ప్రభుత్వం వైపు చూస్తే 1975 నుంచి అంగన్‌వాడీ ఉంది. మూడేళ్లు దాటిన పిల్లలకు అక్కడ ఆట, పాట, భోజనం. మూడేళ్ల లోపు వాళ్లకు ఇంటికి పట్టుకెళ్లే పోషకాహార పొట్లం. అంగన్‌వాడీ మధ్యాహ్నానికల్లా పని ముగిస్తుంది. తెలీబంధా గట్టు చీకటి పడ్డాక లేస్తుంది. పథకం ఒక గడియారం మీద, బజారు ఇంకో గడియారం మీద నడుస్తున్నాయి. 2022లో వచ్చిన మిషన్ శక్తిలో పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు క్రెష్‌లు కలపాలని, దేశమంతటా 17,000 పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆలోచన సరైనదే. ఏడు కోట్లకు పైగా దుకాణాలున్న దేశానికి అది మొదటి మెట్టు మాత్రమే, పైగా పగటి మెట్టు.

ఛత్తీస్‌గఢ్‌కు ఇందులో గర్వంగా చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. బిలాస్‌పూర్ దగ్గర గనియారీ కేంద్రంగా పనిచేసే జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు అడవి పల్లెల్లో ఫుల్‌వారీలనే పసిపిల్లల కేంద్రాలు నడిపారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలు, సరిగ్గా అంగన్‌వాడీ తన దగ్గర ఉంచుకోని వయసువాళ్లు. ఊళ్లో ఆడవాళ్లే చూసుకుంటారు, వేడి అన్నం పెడతారు, తల్లి నిశ్చింతగా పొలానికో అడవికో వెళ్తుంది. తర్వాత సర్గుజా జిల్లాలో ప్రభుత్వమే ఈ పద్ధతిని తీసుకుంది. పిల్లల పోషణ కోసం మొదలైన ఈ పని తల్లి కూలీని కూడా నిలబెట్టింది. అడవి పల్లెకు కుదిరిన ఏర్పాటు రాజధాని నగరపు బజారుకు ఎందుకు కుదరదు? 2019 అక్టోబరు 2న ఇదే రాష్ట్రం హాట్ బజార్ క్లినిక్‌లు మొదలుపెట్టింది. వారపు సంతకు వచ్చేవాళ్లు ఆస్పత్రికి రాలేరని గుర్తించి డాక్టరునే సంతకు పంపింది. బజారుకు సేవను తీసుకెళ్లడం ఇక్కడి అధికారులకు తెలియని విద్య కాదు.

చట్టం వైపు నుంచి వచ్చిన మేలు ఒక్కోసారి చిన్న యజమాని దగ్గర అడ్డం తిరుగుతుంది. 2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారాలు చేసింది, యాభైమంది దాటిన సంస్థలో క్రెష్ తప్పనిసరి చేసింది. సెలవు న్యాయమైనదే, దాన్ని తగ్గించమని ఎవరన్నా నేను ఒప్పుకోను. తప్పు డబ్బు ఎవరి జేబులోంచి రావాలన్న చోట ఉంది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న ఉద్యోగినికి జీతం ఈఎస్‌ఐ నిధి ఇస్తుంది. నెలకు పాతిక వేలు తీసుకునే అమ్మాయి విషయంలో ఆరు నెలల జీతం, సుమారు లక్షన్నర, యజమానే కట్టాలి, ఆమె స్థానంలో వచ్చిన మనిషికీ కట్టాలి. పదిహేను మంది ఉన్న డెంటల్ క్లినిక్‌కో డిజైనర్ బొటిక్‌కో అది పెద్ద మొత్తం. ఫలితం ఇంటర్వ్యూలో కనిపిస్తుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఏదో ఒక సాకుతో పంపేస్తారు. ఏడు వారాల జీతం ప్రభుత్వం తిరిగిస్తుందన్న ప్రతిపాదన 2018లో కేంద్ర కార్మిక శాఖ నుంచి వచ్చింది. కొత్త స్మృతిలో అది లేదు. దేశానికి పుట్టే బిడ్డ ఖర్చు ఒక్క షాపు మీద వేసినంత కాలం ఆ షాపు తల్లుల్ని తప్పించుకోవాలనే చూస్తుంది.

2024 మార్చి నుంచి ఛత్తీస్‌గఢ్ మహతారీ వందన్ యోజన కింద పెళ్లయిన ఆడవాళ్లకు నెలకు వెయ్యి ఇస్తోంది. ఆ వెయ్యికి ఇంట్లో ఎంత విలువ ఉందో తీసుకునేవాళ్లకే తెలుసు. కానీ నెలకు ఇరవై ఆరు పనిదినాలకు పంచితే రోజుకు నలభై రూపాయలు కూడా కాదు. ఆ డబ్బుతో పిల్లను చూసే మనిషి దొరకదు. నగదు ఒక అవసరం, పిల్లను ఉంచే గది వేరే అవసరం.

పెద్ద దేశాలు దీన్ని దాటేశాయనుకోవడం పొరపాటు. అమెరికాలో బీమా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. 2024లో అక్కడ యాజమాన్యం ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. యాభైమంది దాటిన సంస్థలకే అది చట్టబద్ధమైన బాధ్యత. రెస్టారెంట్ పెట్టిన మన తెలుగు దంపతుల్లో ఒకరు బీమా కోసమే ఇష్టం లేని ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడడం ఆ దేశంలో మామూలు సంగతి. థాయ్‌లాండ్ 2002 నాటికి పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం తెచ్చింది. బండి నడిపే మనిషిని నీ యజమాని ఎవరని అడగలేదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్లకు పిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెట్టింది, తర్వాత అక్కడ తల్లుల ఉద్యోగాలు పెరిగాయి. ఈ మూడు చోట్లా తేడా డబ్బులో కంటే రక్షణను దేనికి ముడిపెట్టారన్న చోట ఉంది.

ఇన్ని పథకాలకు డబ్బెక్కడిది అన్న ప్రశ్న సహజం. యజమాని ఎవరో తేలని చోట నిధి ఎలా పోగు చేయాలో మన దేశమే చూపించింది. మహారాష్ట్ర 1969 మథాడీ చట్టం బరువులు మోసే హమాలీలకు, వాళ్లను వాడుకునే వ్యాపారులందరి దగ్గరా సుంకం వసూలు చేసి ఒక బోర్డు పెట్టింది. 1996 చట్టం భవన నిర్మాణాల మీద ఒక శాతం సెస్సు వేసి కూలీల నిధికి చేర్చింది. ఆ సెస్సు ఖర్చు పెట్టడంలో రాష్ట్రాల అలసత్వం వేరే కథ. వసూలు చేసే మార్గం మాత్రం ఉంది. అలాంటి నిధిలో చిన్న వ్యాపారి స్వయంగా నెలకు రెండు మూడొందలు కడతానంటే ప్రభుత్వం అంతే కలిపి, ఈఎస్‌ఐ తలుపు ఒంటరి యజమానికి కూడా తెరవొచ్చు. ఉచితంగా ఇవ్వమని ఈ వ్యాపారులు అడగడం లేదు. కట్టడానికి ఒక కౌంటరు చూపించమంటున్నారు.

పిల్లల గది లెక్క ఇంకా చిన్నది. ఇరవైమంది పిల్లలకు ఇద్దరు ఆయాలు, పన్నెండు వేల చొప్పున ఇరవై నాలుగు వేలు. అద్దె, పాలు, అన్నం, కరెంటుకు పదహారు వేలు వేసుకోండి. నెలకు నలభై వేలు. తల్లిదండ్రులు ఒక్కో బిడ్డకు ఐదొందలు కడితే పది వేలు. గట్టు మీద, చుట్టుపక్కల ఉన్న వంద బండ్లు రోజుకు ఐదు రూపాయలు వేస్తే పదిహేను వేలు. మిగతా పదిహేను వేలు నగర పాలక సంస్థది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, సభ్యుల్లో నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. బండి ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగుల చోటు, చెత్త ఎవరు తీయాలి అని ఆ కమిటీలు చర్చిస్తాయి. రాయ్‌పూర్ కమిటీ ఎజెండాలో ఈ గది కూడా ఒక అంశంగా చేరాలి. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు వరకు తెరిచి ఉండే గది, రోడ్డు దాటకుండా తల్లి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, మూడేళ్ల లోపు పిల్లల్ని కూడా తీసుకునేది.